ఎడమకి ఎదురు

మిలట్రీ వాళ్ళు పక్కన పడేసిన పాత ట్రక్కు ఒకదాన్ని వేలంలో కొని ఇంటికి తెచ్చిన రోజున, ఆయన భార్య గేటు దగ్గర నిలబడి చాలాసేపు నోరు మెదపలేదు. నోరు మెదపకపోవడం ఆవిడ స్వభావం కాదు. బండిని ఇంకో లారీకి గొలుసు కట్టి ఈడ్చుకొచ్చారు. నాలుగు చక్రాల్లో మూడింటికి గాలి లేదు. ముందు అద్దం ఒకవైపు లేనేలేదు. బానెట్ సందులోంచి పిచ్చిమొక్క ఒకటి ఏపుగా పెరిగి, ఊరేగింపులో కూర్చున్న పెద్దమనిషిలా తలూపుకుంటూ వచ్చింది. గేటు చాలక పక్క గోడ రెండు గజాలు పడగొట్టాల్సి వచ్చింది.

"ఇది బతికుందా, పోయిందా?" అంది ఆవిడ చివరికి.

"బతికిస్తా" అన్నాడాయన.

"రిటైరైనవాళ్ళు మొక్కలు పెంచుకుంటారు, మనవల్ని ఆడిస్తారు. మీరు ఏకంగా ఏనుగుని తెచ్చి పెరట్లో కట్టేశారు. అదీ చచ్చిన ఏనుగుని. నా బట్టల తీగ ఎక్కడ కట్టుకోవాలో కూడా మీరే చెప్పండి."

బట్టల తీగ ఒక కొస ట్రక్కు అద్దం కడ్డీకే కట్టుకోమన్నాడు. ఆవిడ నిజంగానే కట్టుకుంది. అలా మిలట్రీ బండి మొదటి డ్యూటీ తడి దుప్పట్లు మొయ్యడం అయింది.

వీధిలో ఆయన్ని అందరూ మిలట్రీ ఆయన అంటారు. సైన్యంలో ఉన్నది మూడేళ్ళే. ఆ తర్వాత ముప్పై మూడేళ్ళు బస్సు తోలాడు. అయినా జనం నోట మొదట పడిన మాటే ఉండిపోతుంది. ముసలాయనకి పాత రోజులు గుర్తొచ్చి చాదస్తం పట్టుకుందని వీధి తీర్మానించేసింది. ఆయన కాదనలేదు. కాదంటే అసలు సంగతి చెప్పాలి. ఆ సంగతి నలభై ఏళ్ళుగా ఆయన గొంతు దాటలేదు.

అసలు సంగతి ఏమిటంటే, ఆయన బండి బాగుచెయ్యడానికి లేతు షాపుకి వెళ్ళలేదు. లేతు షాపుకి వెళ్ళడానికే బండి కొన్నాడు.

ఆ షాపు బజారు చివర, రెండు గోదాముల మధ్య ఇరుక్కుని ఉంటుంది. నడిపేది ఒక ఆడమనిషి. నలభై దాటిన వయసు, మోచేతుల దాకా చొక్కా చేతులు, జుట్టు చుట్టూ గుడ్డ. లేతు మిషను మీద పనిచేస్తుంది కాబట్టి అందరూ లేతమ్మ అంటారు. పేరుకే లేత. ఇనుము ఆమెని చూసి భయపడాలి తప్ప, ఇనుముని చూసి ఆమె భయపడదు. ఊరికి వచ్చిన కొత్తలో ఆయన ఆ షాపు ముందునుంచి పదకొండుసార్లు నడిచాడు. ఒక్కసారీ లోపలికి అడుగు పడలేదు. లేతు షాపులోకి ఊరికే ఎవడు వెళ్తాడు? చేతిలో ఏదో విరిగిన ఇనుపముక్క ఉండాలి. అందుకని ఆయన మూడు టన్నుల విరిగిన ఇనుము కొన్నాడు.

ఆమె తండ్రి ఆయనకి తెలుసు. తెలుసు అంటే చాలా తక్కువ మాట.

సైన్యంలో డ్రైవర్లని జంటలుగా వేసేవారు. ఒకడు తోలుతుంటే ఇంకొకడు ఎడమవైపు సీట్లో కూర్చునేవాడు. ఆయన జంట, లేతమ్మ తండ్రి, ఆయనకంటే ఆరేళ్ళు పెద్ద. యూనిట్ మొత్తం పెద్దన్న అనేది. ఇంటికి రాసే ఉత్తరాలు ఈయన చేతికిచ్చి పోస్టు చెయ్యమనేవాడు కాబట్టి ఆ చిరునామా ఈయనకి కంఠతా వచ్చేసింది. రెండేళ్ళ కూతురి చెయ్యి కాగితం మీద పెట్టి గీసిన బొమ్మ ఒకటి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఈయన్ని తమ్ముడూ అని పిలిచేవాడు. వేరే రకం బళ్ళ మీద నేర్చుకుని వచ్చిన ఈయనకి, ఆ ట్రక్కు గురించి మొదటిరోజే ఒకటి చెప్పాడు. ఆ బండికి కుడివైపు చక్రాల నట్లు అన్ని నట్లలాగే గడియారం ముల్లు తిరిగే వైపు బిగుస్తాయి. ఎడమవైపు చక్రాలకి మాత్రం మర తిరగేసి ఉంటుంది. ముల్లుకి ఎదురు తిప్పితేనే బిగుస్తాయి. చక్రం తిరిగే వేగానికి నట్టు తనంతట తాను వదులు కాకూడదని అలా చేశారు. నట్టు ఎక్కే మర ఇనుము, అదే స్టడ్డు, దాని కొస మీద ఎల్ అని అక్షరం కూడా కొట్టి ఉంటుంది. "ఎడమకి ఎదురు. అన్నం తినేటప్పుడు కూడా గుర్తుపెట్టుకో తమ్ముడూ" అనేవాడు పెద్దన్న. రోజుకి పదిసార్లు అనేవాడు. వినీ వినీ ఈయనకి విసుగొచ్చేది.

ఒక మధ్యాహ్నం, వాన, కొండ దారి. ఎడమ ముందు చక్రం పంక్చరైంది. వెనకాల పన్నెండు బళ్ళు ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి. పెద్దన్నే చక్రం మార్చాడు. నట్లు చేత్తో ఎక్కించి, స్పానరుతో ఒక పట్టు పట్టించి, జాకీ దించాడు. జాకీ సర్దుతూ, చివరి బిగింపు నువ్వు కానియ్యి అన్నాడు. "ఎడమకి ఎదురు, తమ్ముడూ!"

"తెలుసులే" అన్నాడు ఈయన.

తెలుసు. తెలిసీ, వానలో, హారన్ల మోతలో, పాత బళ్ళ అలవాటు కాలికి వచ్చింది. స్పానరుకి రాడ్డు తగిలించి, కుడివైపు కొస మీద కాలు పెట్టి తొక్కాడు. కిర్రుమంది. బిగిసిందనుకున్నాడు. అలా ఎనిమిది నట్లూ తొక్కాడు. పెద్దన్న వచ్చి చూడలేదు. తమ్ముడు తెలుసన్నాడు కదా, చూడ్డం ఎందుకనుకుని ఉంటాడు.

నాలుగు మైళ్ళు పోయాక దిగుడులో చక్రం ఊడింది. బండి ఎడమవైపుకి పడింది. ఎడమవైపు సీట్లో ఉన్నది పెద్దన్న.

ఆసుపత్రి మంచం మీద ఉండగా ఈయన చేతులు వాటంతట అవే గాల్లో తిరిగాయి. అప్పుడు తెలిసింది, ఎటు తిప్పాడో. ఆ మర్నాడే విచారణకి వచ్చినాయన అడిగాడు. చక్రం ఎవరు మార్చారు, ఎవరు బిగించారు? "ఆయనే మార్చాడు. ఆయనే బిగించాడు." మొదటి మాట నిజం. దాని తోక పట్టుకుని రెండో మాట కూడా బయటికి వచ్చేసింది. కింద సంతకం పెట్టాడు. ఆ ఇంటికి వెళ్ళిన కాగితంలో, చక్రం బిగించడంలో మృతుడి నిర్లక్ష్యం అని ఉందట.

ఆ మరుసటి ఏడు ఈయన సైన్యం వదిలేశాడు. ముప్పై మూడేళ్ళు బస్సు తోలినా, ఒక్క చక్రం కూడా ఇంకొకళ్ళని బిగించనివ్వలేదు. రిటైరయ్యాక, ఆ ఉత్తరాల చిరునామాలో ఉన్న ఈ ఊళ్ళోనే ఇల్లు కొందామని పట్టుబట్టాడు. ఎందుకో భార్యకి చెప్పలేదు.

ఇదీ ఆయన ఆ షాపులో చెప్పాల్సింది. చెప్పడానికే, అప్పటి రకం బండే వెతికి కొన్నాడు. మొదటిసారి రెండు స్టడ్లు గుడ్డలో చుట్టుకుని గడప దాటాడు.

లేతమ్మ స్టడ్డు అందుకుని వెలుగులో తిప్పి చూసింది. "మర అరిగిపోయింది. కొత్తది కొయ్యాలి. ఏ బండి బాబాయ్ ఇది?"

బాబాయ్. వచ్చే పోయే పెద్దవాళ్ళందరినీ ఆమె అలాగే పిలుస్తుందని ఆయనకి తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం తన కోసమే అన్నట్టు వినిపించింది. తండ్రి తమ్ముణ్ణి పిలిచే పిలుపు అది. బండి పేరు చెప్పి, నీళ్ళు నమిలి, బయటికి వచ్చేశాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు వస్తూ పోతూనే ఉన్నాడు. ఇంజను విప్పితే నాలుగు పిస్టన్లలో రెండు తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి. వాటిలో కిరోసిన్, నూనె కలిపి పోసి పన్నెండు రోజులు నానబెట్టాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి చెక్కసుత్తితో మెల్లగా తట్టేవాడు. పన్నెండో రోజున ఒకటి వెంట్రుకవాసి కదిలితే, ఆయన వంటింట్లోకి పరిగెత్తుకెళ్ళి భార్యకి చెప్పాడు. పెళ్ళయ్యాక తనని చూసి కూడా ఇంత మురిసిపోలేదని ఆవిడ దెప్పింది. రేడియేటరుకి అతుకులు వేయించాడు. బ్రేకు గొట్టాలన్నీ మార్చాడు. రంగు గీకితే ఆకుపచ్చ కింద ఇసుకరంగు, దాని కింద మళ్ళీ ఆకుపచ్చ, అట్టడుగున ఎర్రటి ప్రైమరు బయటపడ్డాయి. వెనక తొట్టికి కొత్త పలకలు వేశాడు. టార్పాలిన్ చిరుగులు భార్యే కుట్టింది, తిట్టుకుంటూ కుట్టింది, కుట్లు మాత్రం దగ్గర దగ్గరగా వేసింది.

షాపులో కూర్చుని లేతమ్మ పని చూడ్డం ఆయనకి ఒక శిక్షలా ఉండేది. అయినా వెళ్ళేవాడు. ఆమె ఏది బిగించినా ఒకసారి బిగించి, పక్కకి వెళ్ళి, మళ్ళీ వచ్చి రెండోసారి చూసేది. చూశాక చిన్న కుంచెతో నట్టు మీదా దాని పక్కన ఇనుము మీదా కలిసేలా పసుపు గీత ఒకటి గీసేది, నట్టు కదిలితే గీత విడిపోయి తెలిసిపోవడానికి. షాపుకి తాళం వేసి పది అడుగులు వెళ్ళి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసేది.

"ఇంత జాగ్రత్త ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని ఒకరోజు అడిగాడు. అడగకుండా ఉంటే బాగుండేది.

"మా నాన్న వల్ల" అంది ఆమె, మిషను మీంచి కళ్ళు తియ్యకుండా. "మిలట్రీలో డ్రైవరు. చక్రం బిగించడం మర్చిపోయాడంట. దాంతోనే పోయాడు. నాకూ ఆయన మతిమరుపు వచ్చిందేమోనని మా అమ్మకి భయం. చిన్నప్పుడు బడికెళ్తుంటే పుస్తకాల సంచీ రెండుసార్లు విప్పి చూపించమనేది. పని నేర్పిన మా మేనమామ కూడా అంతే. అలవాటైపోయింది. రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుంది చెప్పండి?"

చెప్పాల్సిన సమయం అదే. ఆయన మాత్రం లేచాడు. సిగ్గులేని మనిషిలా టీ గ్లాసు కడిగి బోర్లించి, ఇంటికి వచ్చేశాడు. ఆ రోజు అన్నం దగ్గర ఆయన కుడిచెయ్యి గాల్లో తిరగడం భార్య చూసింది. ఆ తిరగడం ఆవిడకి పెళ్ళైన దగ్గర్నుంచీ తెలుసు.

"ఎవరికో చెప్పాల్సింది మీరు ఆ బండికి చెప్పుకుంటున్నారు" అంది. "బండి వింటుంది గానీ, ఊరడించదండీ."

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు.

కుడివైపు రెండు చక్రాలూ ఎప్పుడో అయిపోయాయి. ఎడమ వెనకదీ అయింది. ఎడమ ముందు చక్రం ఒక్కటీ మిగిలింది. ఆ స్టడ్లు తీసుకెళ్ళకుండా నెల రోజులు ఏదో వంక పెట్టాడు. లేతమ్మే ఊరుకోలేదు. "ఆ ఎనిమిదీ ఎప్పుడు తెస్తారు బాబాయ్? మూడు కాళ్ళ మీద నిలబెడతారా బండిని?" అని చివరికి తానే కొలతలు తీసుకుని కోసింది. ఎదురు మర ఎప్పుడో గానీ కొయ్యను, సరిగ్గా కూర్చుందో లేదో నేనే చూడాలి అని, షాపు సెలవు రోజున సంచీ, పసుపురంగు డబ్బా పట్టుకుని ఇంటికే వచ్చేసింది.

పదకొండు గంటల వేళ. పెరట్లో ఎండ పలచగా ఉంది. ఆమె స్టడ్లు దించింది. చక్రం ఇద్దరూ కలిసి ఎత్తి పెట్టారు. ఎనిమిది నట్లూ ఆమే చేత్తో ఎక్కించి, స్పానరుతో ఒక పట్టు పట్టించింది. జాకీ దించి, లేచి, చేతులు తుడుచుకుంది.

"చివరి బిగింపు మీదే బాబాయ్. నా బరువు చాలదు" అని రాడ్డు ఆయన చేతికిచ్చింది. "ఎడమకి ఎదురు తిప్పాలి. తెలుసుగా?"

ఆ మాట ఆమెకి ఎవరూ నేర్పలేదు. మర తెలిసినవాళ్ళు ఎవరైనా అలాగే అంటారు. అయినా ఆయనకి ఆ గొంతులో ఇంకో గొంతు వినిపించింది. జవాబు నాలుక చివరిదాకా వచ్చేసింది. తెలుసులే. నలభై ఏళ్ళ క్రితం అంత తేలిగ్గా దొర్లిన మాట అదే. రాడ్డు కింద పెట్టి, పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదమ్మా. నీకొకటి చెప్పాలి. విన్నాక నువ్వు మళ్ళీ ఈ గడప తొక్కకపోవచ్చు. అయినా చెప్పాలి. మీ నాన్న ఏదీ మర్చిపోలేదు."

చెప్పాడు. వాన, హారన్లు, జాకీ, తెలుసులే అన్న మాట, తన కాలు, ఆసుపత్రి, సంతకం. ఒక్కటీ దాచలేదు. తను కుర్రాణ్ణనీ, అలసిపోయాననీ చెప్పుకోవాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాడు. ఆమె నిలబడే విన్నది. చేతిలో గుడ్డని మడతలు పెడుతూ విన్నది.

"చూపించండి" అంది అంతా అయ్యాక.

"ఏంటమ్మా?"

"ఆ రోజు ఎలా తొక్కారో. మాటల్లో కాదు. రాడ్డు పెట్టి చూపించండి."

ఆయన లేచాడు. స్పానరు నట్టుకి తగిలించి, రాడ్డు కుడివైపుకి పెట్టి, కాలు వేసి తొక్కాడు. కిర్రుమంది. నట్టు కదిలింది. ఆమె వంగి, వేలితో నట్టుని తాకి చూసింది. వదులైంది.

"బిగిసేటప్పుడు వచ్చే చప్పుడూ వదిలేటప్పుడు వచ్చే చప్పుడూ ఒకటే" అంది మెల్లగా. "కళ్ళు మూసుకుంటే నాకూ తేడా తెలీదు. ఆ పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. దాన్ని నేను అర్థం చేసుకోగలను. మర్నాడు, తెలిసిపోయాక, ఆయన పేరు చెప్పారు చూడండి. అదెలా చెప్పారండీ?"

అండీ అంది. బాబాయ్ అనలేదు. ఆయన ఆ తేడా గమనించాడు.

"భయమేసిందమ్మా."

"ఎంతసేపు పట్టింది, చెప్పడానికి?"

"రెండు మాటలు."

"ఆ రెండు మాటలకి నేను పుట్టిబుద్ధెరిగిన దగ్గర్నుంచీ ప్రతీదీ రెండుసార్లు చూసుకుంటున్నాను" అంది ఆమె. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది. సంచీ భుజానికి తగిలించుకుని, గోడ పడగొట్టిన సందులోంచి వెళ్ళిపోయింది. పసుపురంగు డబ్బా, కుంచె అక్కడే మర్చిపోయింది. ఆమె ఏదైనా మర్చిపోవడం ఆయన చూడ్డం అదే మొదటిసారి.

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆయన ఎదుటికి వచ్చి, ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో అడగాల్సినదంతా ఒక్క ప్రశ్నలో అడిగింది.

"నాక్కూడా చెప్పలేకపోయారా?"

"నువ్వు నన్ను మంచివాణ్ణనుకుంటున్నావు. అదొక్కటీ పోగొట్టుకోలేకపోయాను."

ఆవిడ అటు తిరిగింది. బట్టల తీగ మీద దుప్పటి తీసి, మడిచి, లోపలికి వెళ్ళింది. తర్వాత కంచం పెట్టింది. కానీ ఆ పూటా, మర్నాడూ ఒక్క వెక్కిరింత కూడా వెయ్యలేదు. ఆ ఇంట్లో ఆవిడ వెక్కిరింతలు లేకపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆయనకి అప్పుడే తెలిసింది.

నాలుగు రోజులు ఎవరూ రాలేదు. ఆ వదులైన నట్టుని ఆయన ముట్టుకోలేదు. ఇంజను అయిపోయింది, రంగు అయిపోయింది, బండి సిద్ధంగా ఉంది. ఆ ఒక్క నట్టు దగ్గర అంతా ఆగిపోయింది. ఇక ఆమె రాదనుకున్నాడు. రాకపోవడమే న్యాయమనీ అనుకున్నాడు.

ఐదో రోజు పొద్దున్న ఆటో ఆగింది. లేతమ్మ దిగి, తల్లిని చెయ్యి పట్టుకుని దింపింది. ఆవిడ చిన్న మనిషి. కూతురి భుజానికి కూడా రాదు. డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో ఒక కవరు.

"అమ్మకి నేను చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాదు" అంది లేతమ్మ. "నాకు చెప్పినట్టే చెప్పండి. అన్నీ."

భార్య కుర్చీ తెచ్చి వేసింది. ముసలావిడ కూర్చుంది. ఆయన నిలబడి, చేతులు కట్టుకుని, మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. మొదటిసారి కంటే రెండోసారి చెప్పడం కష్టమైంది. ఆవిడ ఆయన వైపు చూడకుండా చక్రం వైపే చూస్తూ విన్నది.

"నిన్ను తమ్ముడూ అనేవాడా?" అని అడిగింది మధ్యలో.

"అనేవాడు వదినా." ఆ పిలుపు దానంతట అదే వచ్చేసింది.

ఆవిడ ఒళ్ళో సంచీ సర్దుకుంది. తర్వాత మాట్లాడింది, ఆయనతో కాదు, చక్రంతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నలభై ఏళ్ళు ఆయన్ని తిట్టాను. పిల్లకి జ్వరమొస్తే తిట్టాను. ఇల్లు కారితే తిట్టాను. ఒక్క నట్టు బిగించి ఉంటే నాకీ గతి పట్టేదా అని ఫొటో ముందు నిలబడి తిట్టాను. పక్కింటావిడ ముందు తిట్టాను. పిల్ల ముందు తిట్టాను. మహానుభావుడు, ఒక్కదానికీ జవాబు చెప్పుకోలేకపోయాడు. ఆ తిట్లన్నీ ఇప్పుడు నేనెక్కడ పెట్టుకోను?"

"నన్ను తిట్టండి వదినా."

"నిన్నెలా తిట్టేది? తిట్టాలన్నా మనిషి మనవాడై ఉండాలి. నువ్వు నాకేమవుతావని?"

ఆయన కళ్ళు తుడుచుకోడానికి కూడా సిగ్గేసి అలాగే నిలబడ్డాడు. భార్య ముసలావిడ కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడింది. ఆయన పక్కకి రాలేదు. ఎటు నిలబడాలో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముసలావిడ కవరులోంచి, అప్పట్లో మిలట్రీ వాళ్ళు పంపిన కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగి, వెనక బట్టముక్క అంటించి ఉంది. "దీని మీద రాయి" అంది. "ఎవరు బిగించారో రాయి. నీ చేత్తో రాయి."

పాత కాగితం మీద కాకుండా వేరే కాగితం మీద రాద్దామంది లేతమ్మ. దీని నకలు దానికి జత చేసి మిలట్రీ ఆఫీసుకి పంపాలట. ఆయన కొత్త రంగు వేసిన బానెట్ మీద కాగితం పెట్టి, కళ్ళద్దాలు సవరించుకుని రాశాడు. చక్రం మార్చింది ఆయన. బిగించింది నేను. తిప్పాల్సిన వైపుకి ఎదురు తిప్పాను. విచారణలో అబద్ధం చెప్పాను. నిర్లక్ష్యం నాది. తేదీ వేసి, సంతకం పెట్టాడు. లేతమ్మ దాన్ని చదివింది. పక్కకి పెట్టి, మళ్ళీ తీసి రెండోసారి చదివింది.

"పోస్టాఫీసుకి ఆటో పిలుస్తా" అంది.

"ఆటో ఎందుకు? బండి ఉందిగా" అంది ముసలావిడ. అందరూ ఆవిడ వైపు చూశారు. "ఈయన తోలితే ఎక్కను. నువ్వు తోల్తే ఎక్కుతా. మీ నాన్న కూర్చున్న వైపు కూర్చుంటా."

లేతమ్మ తోలగలదు. షాపుకి వచ్చే లారీలన్నీ వెనకా ముందూ చేసేది ఆమే. మరి ఈయన ఎక్కడ కూర్చోవాలో ఎవరూ అనలేదు. తనే వెనక తొట్టి వైపు చూశాడు. సరుకు వేసే చోటు. అదే సరైన చోటనిపించింది.

ఆయన భార్యా లేతమ్మా కలిసి ముసలావిడని ఎడమవైపు సీట్లోకి ఎక్కించారు. ఆవిడ పాదాలు కిందికి అందలేదు. లేతమ్మ స్పానరు, రాడ్డు తీసుకుని బండి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. కుడి ముందు, కుడి వెనక, ఎడమ వెనక. ఎడమ ముందు చక్రం దగ్గర, వదిలేసి ఉన్న ఆ నట్టుతో సహా ఎనిమిదీ బిగించింది. ఆయన దూరంగా నిలబడి చూశాడు. ఆమె ఇప్పుడు పక్కకి వెళ్ళి మళ్ళీ వస్తుంది, రెండోసారి చూస్తుంది, పసుపు గీతలు గీస్తుంది అనుకున్నాడు. డబ్బా అక్కడే గోడ పక్కన ఉంది.

ఆమె రాడ్డు ఆయన ముందు చాపింది.

"రెండోసారి మీరు చూడండి" అంది. బాబాయ్ అనలేదు. అనాలని ఆయన ఆశించనూ లేదు. డ్రైవరు సీటు వైపు వెళ్ళి ఎక్కి కూర్చుంది.

ఆయన మొదటినుంచీ చూసుకుంటూ వచ్చాడు. ఒక్కో నట్టుకీ స్పానరు వేసి, బరువు ఆనించి, కదలడం లేదని తేల్చుకుని, ఇంకోదానికి వెళ్ళాడు. హారన్ కొట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఎడమ ముందు చక్రం దగ్గరికి వచ్చి, రాడ్డు కొస ఎడమ పక్కకి పెట్టి, కాలు ఎత్తాడు. పైన కిటికీలోంచి ముసలావిడ తల బయటికి పెట్టి చూస్తోంది.

"ఎటు తిప్పుతున్నావు?" అని అడిగింది.

ఆయన కాలు దించాడు. రాడ్డు మీద చెయ్యి ఉంచి, ఆవిడకి కనిపించేలా పక్కకి జరిగాడు.

"ఎదురు, వదినా. ఎడమకి ఎదురు. ఇదిగో, చూడండి."

ఆవిడ వంగి చూసింది. అన్ని నట్లూ అయ్యేదాకా తల లోపలికి తీసుకోలేదు.